చనిపోయిన తేదీ నుంచి పౌరుడు

అందరికీ నమస్కారం. కాగితం మీద రాసుకొచ్చాను గానీ అది చూసి చదివితే మీకు నిద్రొస్తుంది, నోటితోనే చెప్తాను.

2003 మార్చిలో మా అమ్మ కువైట్‌లో అరబ్బుల ఇంట్లో వంటపని చేసేది. మన చిత్తూరు, కడప వైపు అలాంటి ఇళ్లు ఎన్నో, ఈ హాల్లో కూడా ఉంటారు. 20న ఇరాక్ మీద యుద్ధం మొదలైంది, ఆ రోజే ఇరాక్ నుంచి కువైట్ మీదికి క్షిపణులు వచ్చాయి. తిరుపతిలో మేం ఎస్టీడీ బూత్ ముందు నిలబడి, లైను కలవక, కలిసినా ఎవరూ ఎత్తక, ఆ టెన్షన్ చెప్పలేను. మరుసటి రోజే, కువైట్ సరిహద్దు దాటగానే వచ్చే ఉమ్ కసర్ రేవు దగ్గర ఒక అమెరికా మెరైన్ చనిపోయాడు. ఆ యుద్ధంలో పోయిన మొదటి అమెరికా సైనికుల్లో ఒకడు. పేరు హోసే ఆంటోనియో గుటియెరెజ్. అప్పటికి అతను అమెరికా పౌరుడే కాదు.

అతనిది గ్వాటెమాలా. 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం నడిచిన దేశం. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే రాజధాని వీధుల్లో పెరిగాడు, మన రైల్వే స్టేషన్ బయట పడుకునే పిల్లల్ని రోజూ దాటుకుని పోతుంటాం చూడండి, అట్లా. పెద్దయ్యాక మెక్సికో మీదుగా గూడ్సు బళ్లెక్కి ఉత్తరానికి బయల్దేరాడు. ఆ బళ్ల మీద కునుకు పట్టి చెయ్యి జారితే చక్రాల కిందికే. దొంగచాటుగా సరిహద్దు దాటి కాలిఫోర్నియా చేరి, పెంచుకున్నవాళ్ల ఇళ్లలో ఉండి చదువుకున్నాడు. ఆర్కిటెక్ట్ కావాలని ఆశ. గ్రీన్ కార్డు వచ్చింది. అది ఉంటే అక్కడ సిపాయిగా తీసుకుంటారు, ఆఫీసర్ని మాత్రం చెయ్యరు. చేరాడు. డబ్బు కోసమా, అన్నం పెట్టిన దేశమనా? మా అమ్మ కువైట్ ఎందుకు పోయిందో ఒక్క కారణం చెప్పమంటే నేనే చెప్పలేను.

తమవాళ్ల తూటానే పొరపాటున తగిలిందని తర్వాత తేలింది. వీరమరణం అని మనం గబుక్కున అనేసి దండ వేసేస్తాం, ఆ మాట అన్నాక ఇంకేమీ అడగబుద్ధి కాదు. అందుకే ఆ మాట నాకు నచ్చదు.

కొద్దిరోజులకే అమెరికా అతనికి పౌరసత్వం ఇచ్చింది. ఎప్పట్నుంచి? చనిపోయిన తేదీ నుంచి, ఆ చట్టమే అంత. శవాన్ని గ్వాటెమాలా తీసుకెళ్లి పూడ్చారు. అక్కడ అతని తోడబుట్టిన ఆడబిడ్డ ఉంది.

మా అమ్మ తిరిగొచ్చాక ఈ కథ చెప్తే, యుద్ధం గురించి ఒక్క ముక్క అడగలేదు. "కాగితం వచ్చింది కదరా, ఆ బిడ్డని పిలిపించుకున్నారా?" అంది. లేదమ్మా, ఆ కాగితం చూపించి చుట్టాలెవరూ వీసా అడగడానికి అప్పటి చట్టంలో వీల్లేదు. ఆ ఏడాది చివర్లో మార్చారు, భార్యాబిడ్డలకి, తల్లిదండ్రులకి అని. ఇతనికి పెళ్లి కాలేదు, కన్నవాళ్లు ఎప్పుడో పోయారు. తోబుట్టువుల మాట అందులో లేదు.