వంద టన్నుల కుక్కర్: మామయ్యగారితో యార్క్‌లో ఒక రోజు

అందరికీ నమస్తే అండీ. వంట వీడియో అనుకుని వచ్చినవాళ్ళు వెళ్ళిపోకండి, ఇందులోనూ కుక్కర్ ఉంది. కాకపోతే అది దాదాపు వంద టన్నుల బరువుంటుంది.

మామయ్యగారు బిట్రగుంట నుంచి వచ్చి నెలన్నర అయింది. వాళ్ళ నాన్నగారు అక్కడి లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఇంగ్లండ్‌లో మా లీడ్స్ చలికి ఆయన గడప దాటితే ఒట్టు. యార్క్ రైల్వే మ్యూజియంలో బొగ్గింజన్లు ఉన్నాయని చెప్పానో లేదో, మంకీ క్యాప్ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ పట్టుకుని మావారు, మా బుడ్డోడితో సహా నలుగురం బయల్దేరాం. రైల్లో అరగంట కూడా పట్టదు. "1855 నాటి మన ఫెయిరీ క్వీన్ బొగ్గింజన్‌ని చేసింది మీ లీడ్స్‌లోనే, తెలుసా అమ్మాయ్?" అన్నారు దారిలో. ఇన్నేళ్ళుగా ఇక్కడుంటున్నా నాకు తెలియదు మరి.

మ్యూజియానికి ప్రవేశం ఉచితం. వచ్చినవాళ్ళంతా నేరుగా వేగంలో రికార్డు కొట్టిన మల్లార్డ్ ఇంజన్ దగ్గరికి పోతుంటే, మామయ్యగారు మాత్రం ఎల్లర్‌మన్ లైన్స్ అనే ఇంజన్ దగ్గర ఆగిపోయారు. 1949లో ఈస్ట్‌లీ వర్క్‌షాపులో తయారైంది. దాన్ని ఒక పక్క పనసకాయ కోసినట్టు కోసి పెట్టారు. పొయ్యి, బాయిలర్, ముందున్న పొగగది, అన్నీ బయటికే కనిపిస్తాయి. బాయిలర్ నిండా బారులు తీరిన గొట్టాలు.

"వీటిలోనే నీళ్ళు మరుగుతాయా మామయ్యా?" అన్నాను.

"తిరగేశావమ్మా. గొట్టాల్లో పోయేది మంట సెగ. నీళ్ళుండేది వాటి చుట్టూ."

గొట్టాలు ఎన్ని ఉంటే నీళ్ళకి సెగ అంత తగులుతుంది. 1829లో స్టీఫెన్సన్ తండ్రీకొడుకుల 'రాకెట్' అనే ఇంజన్ రైలింజన్ల పందెంలో గెలవడానికి ఒక కారణం అదే, దాంట్లో అలాంటి రాగి గొట్టాలు 25 ఉండేవి. మన కుక్కర్ విజిల్ వేసేది చదరపు అంగుళానికి 15 పౌండ్ల దగ్గర. ఇక్కడ 250!

తర్వాత ఆయన పొయ్యి పైకప్పు చూపించారు. దానిమీద ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉండాలి. తగ్గితే రేకు ఎర్రగా కాలి, మొత్తం బాయిలరే పేలిపోతుంది. అందుకని ఆ కప్పులో సీసం నింపిన బిరడాలు బిగిస్తారు. నీళ్ళు తగ్గగానే సీసం కరిగి, ఆవిరి పొయ్యిలోకి చిమ్మి, ఫైర్‌మన్‌కి హెచ్చరిక వచ్చేస్తుంది. నాకు వెంటనే మా కుక్కర్ మూత గుర్తొచ్చింది. పోయిన నెల నీళ్ళు పోయకుండా పప్పు పెట్టేసి, సేఫ్టీ వాల్వ్ ఎగరగొట్టింది నేనే కదా! మామయ్యగారు నవ్వలేదు. "మా నాన్న ఆ పని చేసుంటే ఉద్యోగం పోయేది," అన్నారు.

ఇంతలో బుడ్డోడు చుక్ చుక్ అంటూ చుట్టూ పరిగెడుతున్నాడు. ఆ చప్పుడు ఎందుకొస్తుందో నాకు ఇవాళే తెలిసింది. సిలిండర్‌లో పిస్టన్‌ని తోసిన ఆవిరిని ఊరికే వదిలేయరు, పొగగొట్టం కింద నుంచి పైకి చిమ్ముతారు. అది పోతూ పోతూ పొగగదిలో గాలిని లాక్కుపోతుంది. దాంతో గొట్టాల్లో సెగ ముందుకొస్తుంది, పొయ్యిలోకి కొత్త గాలి దూరుతుంది. బరువు ఎంత లాగితే మంట అంత రాజుకుంటుంది. ఊదుగొట్టం పట్టుకుని ఎవరూ కూర్చోనక్కర్లేదు, తన పొయ్యి తనే ఊదుకుంటుంది. రెండు సిలిండర్ల ఇంజనైతే చక్రం ఒక్క చుట్టుకి నాలుగు చుక్‌లు, మూడు సిలిండర్లదైతే ఆరు.

పులిహోర అయ్యాక మల్లార్డ్ దగ్గరికెళ్ళాం. నీలం రంగు, వాలుగా దిగిన ముక్కు, అందగత్తే లెండి. 1938 జూలై 3న గంటకు 126 మైళ్ళు, అంటే దాదాపు 203 కిలోమీటర్లు పోయింది. ఆవిరి ఇంజన్లలో ఆ రికార్డు ఇప్పటికీ దానిదే. దాని పెద్ద చక్రాలు 6 అడుగుల 8 అంగుళాలు. ఆ వేగంలో సెకనుకు దాదాపు తొమ్మిది చుట్లు తిరిగి ఉంటాయని మావారు ఫోన్‌లో లెక్కేశారు.

ఇది మూడు సిలిండర్ల ఇంజన్. డిజైనర్ గ్రెస్లీ మధ్య సిలిండర్‌కి విడిగా వాల్వ్ గేర్, అంటే ఆవిరి రాకపోకల్ని నడిపే ఏర్పాటు, పెట్టలేదు. పక్క రెండిటి కదలికనే లివర్లతో కలిపి దానికి అందించాడు. వేగం పెరిగేకొద్దీ ఆ లివర్ల లెక్క కాస్త తప్పి, పనంతా మధ్యదాని నెత్తిన పడేది. మామయ్యగారు ముగ్గురన్నదమ్ముల్లో నడిపివారు. "నాకు చెప్తారేంటి," అన్నారు.

రికార్డు రోజున ఆ మధ్య సిలిండర్ తాలూకు బేరింగ్ వేడెక్కిపోయింది కూడా. వేడెక్కితే డ్రైవర్‌కి తెలియాలని అందులో ముందే ఘాటైన వాసన గుళిక పెట్టారట. ఏం వాసనంటారు? మన సోంపుకి దగ్గరి చుట్టం, అనిసీడ్! అంత పరుగులో, అంత బొగ్గు పొగలో, హోటల్లో బిల్లుతో పాటు వచ్చే సోంపు వాసన ఊహించుకోండి.

ఇల్లు చేరేసరికి ఎనిమిదైంది. రాత్రికి పప్పుచారే. కుక్కర్ మూత బిగించి పొయ్యి వెలిగించానో లేదో, హాల్లోంచి మామయ్యగారి గొంతు:

"అమ్మాయ్, నీళ్ళు చూశావా?"