డౌన్ సిండ్రోమ్‌లో అల్జీమర్స్ అంత ముందుగా ఎందుకు వస్తుంది?

నమస్కారం. తెర మీద ఉన్న బొమ్మను క్యారియోటైప్ అంటారు. ఒక కణంలోని క్రోమోజోములను జతలు జతలుగా పేర్చి చూపించే ఫోటో ఇది. 21 అనే అంకె దగ్గర చూడండి. మిగతా చోట్ల రెండేసి ఉంటే, అక్కడ మూడు ఉన్నాయి. డౌన్ సిండ్రోమ్‌కు కారణం ఇదేనని 1959లో ఫ్రాన్స్ పరిశోధకులు ప్రకటించారు.

చూడటానికి ఎంత చిన్న క్రోమోజోమో! కానీ ఏపీపీ అనే జన్యువు ఉన్నది దీని మీదే. ఆ జన్యువు వల్ల తయారయ్యే ప్రోటీన్‌ను ఎంజైములు కోసినప్పుడు అమిలాయిడ్ బీటా అనే ముక్కలు వస్తాయి. జన్యువు మూడు ప్రతులుంటే ఆ ముక్కలూ ఎక్కువే, అవి చిన్న వయసు నుంచే మెదడులో పేరుకుంటాయి. 40 ఏళ్లు వచ్చేసరికి డౌన్ సిండ్రోమ్ ఉన్న దాదాపు అందరి మెదడులోనూ అల్జీమర్స్ మార్పులు కనిపిస్తాయి. మతిమరుపు వంటి లక్షణాలు బయటపడేది మాత్రం చాలామందిలో 50 దాటాకే.

21వ క్రోమోజోమ్ మీద 200కు పైగా జన్యువులు ఉండగా నేరం ఏపీపీ మీదే ఎందుకు మోపాలి? నాకు బాగా నచ్చిన ఆధారం ఒకటుంది. 1998లో బ్రిటన్ వైద్యులు డౌన్ సిండ్రోమ్ ఉన్న 78 ఏళ్ల మహిళ గురించి ప్రచురించారు. ఆమెకు డిమెన్షియా, అంటే జ్ఞాపకశక్తి, ఆలోచన క్షీణించే స్థితి, రాలేదు. మరణానంతరం మెదడును పరీక్షిస్తే అల్జీమర్స్ జాడ కూడా లేదు. కారణం ఏమిటంటే, ఆమెలో 21వ క్రోమోజోమ్ మొత్తం కాక కొంత భాగమే మూడోసారి ఉంది. ఏపీపీ ఉన్న చోటు అందులో లేదు. అంటే ఆ జన్యువు ఆమెకు అందరిలాగే రెండు ప్రతులే. దీనికి పూర్తిగా తిరగేసిన ఉదాహరణ 2006లో ఫ్రాన్స్‌లో దొరికింది. కొన్ని కుటుంబాల్లో డౌన్ సిండ్రోమ్ లేదు, ఏపీపీ మాత్రం ఒకటి అదనంగా ఉంది. వాళ్లకు 60 నిండకముందే అల్జీమర్స్ వచ్చింది. ఇంతకంటే ఏం సాక్ష్యం కావాలి?

మరి అందరికీ ఒకే వయసులో ఎందుకు రాదు? ఇక్కడ 19వ క్రోమోజోమ్ మీది అపోఈ జన్యువు వస్తుంది. దీనిలో 2, 3, 4 అని మూడు రకాలు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. 4వ రకం ఉంటే జబ్బు కాస్త త్వరగా మొదలవుతుంది, 2వ రకం కొంత ఆలస్యం చేస్తుంది. అంతవరకే. 4వ రకం లేదని తేలినా మూడు ఏపీపీల భారం అలాగే ఉంటుంది. అందుకే ఇంట్లో మనిషిని చూసుకోవడానికని అపోఈ పరీక్షకు డబ్బు పెట్టమని నేను చెప్పను.

దానికన్నా ఉపయోగపడే పని ఒకటుంది. మీ అబ్బాయో, చెల్లెలో 30ల్లో ఉన్నప్పుడే చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం వడ్డించుకోవడం, తెలిసినవాళ్ల పేర్లు చెప్పడం ఫోనులో వీడియో తీసి దాచండి. తర్వాత మార్పు వచ్చిందో లేదో ఆ మనిషి పాత తీరుతోనే పోల్చాలి, పక్కింటివాళ్లతో కాదు. 40 నుంచి ఏటా డాక్టరుకు చూపించండి. థైరాయిడ్ తగ్గినా, వినికిడి మందగించినా, నిద్రలో ఊపిరి ఆగుతున్నా, దిగులు పట్టుకున్నా డిమెన్షియాలాగే కనిపిస్తుంది, ముందు వాటిని పరీక్షించమని అడగండి. నడివయసులో మొదటిసారి మూర్ఛ (ఫిట్స్) వస్తే మాత్రం ఏటా జరిగే పరీక్ష కోసం ఆగకుండా వెంటనే న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి.