ఆట మధ్యలో కంప్యూటర్ ఆగిపోతే: కారణాన్ని వెతికే పద్ధతి

సభకు నమస్కారం. తిరుపతి, పరిసర ప్రాంతాల ఇంజినీరింగ్ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు, కంప్యూటర్ మరమ్మతు దుకాణాలు నడిపే మిత్రులు ఒకే హాలులో కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఆన్‌లైన్ ఆట ఆడుతుండగా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోయే సమస్య ఈ మూడు వర్గాలకూ చెందినదే. ఆగిపోయేది విద్యార్థి యంత్రం, ఖర్చు తల్లిదండ్రులది, నింద మాత్రం చాలాసార్లు దుకాణం మీద పడుతుంది. నేను చెప్పదలచుకున్న విషయం ఒక్కటే: యంత్రం ఏ తీరులో ఆగిందో గమనించి, అది తనలో రాసిపెట్టుకున్న చిట్టాను చదివిన తరువాతే ఏ భాగాన్నైనా మార్చాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులుగా ఉంది. మొదట ఫార్మాట్ చేయిస్తారు, తరువాత ర్యామ్ మారుస్తారు, చివరికి అప్పు చేసి గ్రాఫిక్స్ కార్డు కొంటారు. అయినా యంత్రం ఆగుతూనే ఉంటుంది. ఈ వృథా ఖర్చును చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

రోజంతా బ్రౌజర్ తెరిచి ఉంచినా, సినిమాలు చూసినా చెక్కుచెదరని యంత్రం ఆట మొదలుపెట్టిన అరగంటకే ఎందుకు ఆగుతుందన్న ప్రశ్న సహజమే. ఆట నడిచేటప్పుడు ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, నెట్‌వర్క్ అన్నీ ఒకేసారి పూర్తి బరువు మోస్తాయి. మామూలు పనికి వంద వాట్లు కూడా తీసుకోని డెస్క్‌టాప్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉంటే, ఆటలో నాలుగైదు వందల వాట్ల దాకా తీసుకోగలదు. అంతవరకు దాగి ఉన్న బలహీనత ఏదైనా ఆ బరువు కింద బయటపడుతుంది. అందుచేత ఆటను తప్పుపట్టే ముందు యంత్రాన్ని చూడాలి. అలాగని ఆటలో లోపాలు ఉండవని కాదు.

ఆగిపోవడంలో రకాలు ఉన్నాయి. ఆట ఒక్కటే మూసుకుపోయి డెస్క్‌టాప్ మామూలుగా కనిపిస్తే, ముందుగా ఆట ఫైళ్ళనూ, ఆట మీద పరచుకొని నడిచే రికార్డింగ్, చాటింగ్ ప్రోగ్రాములనూ అనుమానించాలి. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ వెలిగితే అది గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే ఆ కార్డును నడిపించే ప్రోగ్రాము, కథ: గ్రాఫిక్స్ కార్డు రెండు సెకన్ల పాటు జవాబు ఇవ్వకపోతే విండోస్ దాని డ్రైవర్‌ను తానే తిరిగి మొదలుపెడుతుంది, ఆ ప్రయత్నం కూడా విఫలమైతే బ్లూ స్క్రీన్, అంటే విండోస్ పూర్తిగా ఆగిపోయినప్పుడు లోపం పేరు చూపే తెర, వస్తుంది (కొత్త విండోస్ 11లో ఇది నల్లగా ఉంటుంది). ఏ సందేశమూ లేకుండా కరెంటు పోయినట్టు ఆగితే విద్యుత్తునూ వేడినీ చూడాలి. సర్వర్‌తో సంబంధం తెగిందని ఆట చెప్పి, కంప్యూటర్ మాత్రం చక్కగా నడుస్తూ ఉంటే అది యంత్రం లోపమే కాదు. వైఫై బదులు కేబుల్ పెట్టి చూడండి, అంతే.

ఇక చిట్టా విషయం. విండోస్‌లో రిలయబిలిటీ మానిటర్ అనే సాధనం ఉంది. స్టార్ట్ మెనూలో ఆ పేరు టైపు చేస్తే రోజుల వారీగా ఏ ప్రోగ్రాము ఎప్పుడు పడిపోయిందో, ఆ రోజు ఏ డ్రైవర్, ఏ అప్‌డేట్ ఎక్కిందో ఒకే పటంలో కనిపిస్తుంది. మంగళవారం కొత్త డ్రైవర్ వేసి, బుధవారం నుంచి ఎర్ర గుర్తులు మొదలైతే ఎవరినీ అడగవలసిన పని లేదు, పాత డ్రైవర్‌కు వెళ్ళవచ్చు. మరింత లోతుగా చూడాలంటే ఈవెంట్ వ్యూయర్ ఉంది, కానీ అక్కడ ఒక ప్రమాదం పొంచి ఉంది. కెర్నల్ పవర్ 41 అన్న వరుస కనిపించగానే చాలామంది ఎస్‌ఎంపీఎస్, అంటే కంప్యూటర్ లోపలి భాగాలకు విద్యుత్తు అందించే పెట్టె, పోయిందని తీర్మానిస్తారు. ఆ వరుస చెప్పేది మాత్రం, క్రితంసారి యంత్రం సక్రమంగా షట్‌డౌన్ కాలేదన్న ఒక్క సంగతే. హ్యాంగ్ అయినప్పుడు మీరు పవర్ బటన్ నొక్కి పట్టుకొని ఆపినా అదే వరుస నమోదవుతుంది. దానిని చూసి ఎస్‌ఎంపీఎస్ కొనకండి. దానికి ముందున్న వరుసలు చదవండి. బ్లూ స్క్రీన్ వస్తే దాని మీది పేరును ఫోన్‌తో ఫొటో తీసుకోండి. అందులో వీడియో టీడీఆర్ అని ఉంటే గ్రాఫిక్స్ వైపు, మెమరీ మేనేజ్‌మెంట్ అని ఉంటే ఎక్కువగా ర్యామ్ వైపు వెతకడం మొదలుపెట్టాలి. అది దిక్కు చూపుతుందే తప్ప తీర్పు చెప్పదు.

సందేశమే తప్పుదారి పట్టించిన ఉదంతం ఇటీవలిదే. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని, ఆటలు ఆడేటప్పుడు పడిపోతున్నాయని ఫిర్యాదులు వచ్చాయి. వాటిలో కొన్ని ఆటలు తెరమీద చూపిన సందేశం మాత్రం వీడియో మెమరీ చాలలేదని! సహజంగానే ఆటగాళ్ళు గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. ప్రాసెసర్‌కు అవసరానికి మించిన వోల్టేజీ అందడం కారణమని 2024లో ఇంటెల్ ప్రకటించి, మదర్‌బోర్డులో ఉండి యంత్రాన్ని మొదలుపెట్టే ప్రోగ్రాము అయిన బయోస్ ద్వారా సవరణలు విడుదల చేసి, ఆ ప్రాసెసర్ల వారంటీని మరో 2 సంవత్సరాలు పెంచింది. ఆ తరం ప్రాసెసర్ ఉన్నవారు బయోస్‌ను తప్పక అప్‌డేట్ చేయించుకోవాలి. అయితే ఇప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ను ఆ సవరణ బాగుచేయదు. దానిని వారంటీలో మార్పించుకోవలసిందే.

మన ఊరికి ప్రత్యేకంగా వర్తించే రెండు కారణాల మీద ఎక్కువ సేపు నిలబడతాను. మొదటిది వేడి. మే నెలలో తిరుపతి, రేణిగుంటల్లో ఎండ నలభై డిగ్రీలు దాటడం మనకు కొత్త కాదు. గాలితో చల్లబడే ఏ యంత్రమూ గది కంటే చల్లగా ఉండలేదు. డిసెంబరులో ఇరవై ఆరు డిగ్రీల గదిలో ఎనభై దగ్గర నిలిచిన ప్రాసెసర్, ముప్పై ఎనిమిది డిగ్రీల గదిలో అదే ఆటకు దాదాపు పన్నెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. చాలా ప్రాసెసర్లు నూరు డిగ్రీల దగ్గర తమను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి, అది కూడా చాలకపోతే ఆగిపోతాయి. కనుక ఆగడానికి ముందు కొన్ని నిమిషాలు ఆట నత్తనడక నడిస్తే వేడిని అనుమానించండి. హాయిగా సాగుతూ హఠాత్తుగా ఆరిపోతే విద్యుత్తును ముందు చూడండి.

ల్యాప్‌టాప్ అడుగు మూత విప్పి చూసినవారికి ఒక దృశ్యం పరిచయమే. ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే కనిపిస్తాయి, దుమ్ము లేదనిపిస్తుంది. ఫ్యాన్‌ను పైకి తీస్తే, దానికీ పలుచని రాగి, అల్యూమినియం రేకులకూ మధ్య దుమ్ము, వెంట్రుకలు, పరుపు దూది కలిసి బూడిదరంగు పట్టీలా పేరుకొని ఉంటాయి. పట్టకారుతో ఒక అంచు పట్టుకుంటే చాపలా మొత్తం ఒక్కటిగా లేచి వస్తుంది. బయటనుంచి ఎంత బ్లోయర్ కొట్టినా అది కదలదు. బ్లోయర్ వాడేటప్పుడు రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే ఫ్యాన్ అతివేగంగా తిరిగి బేరింగు చెడుతుంది. శుభ్రం చేశాక, ప్రాసెసర్ వేడిని పై లోహానికి అందించే థర్మల్ పేస్ట్ కొత్తది వేయాలి. డెస్క్‌టాప్ కేబినెట్‌ను తలుపులున్న కంప్యూటర్ టేబుల్ అరలో పెట్టేవారు, కనీసం ఆట వేళ ఆ తలుపు తీసి ఉంచండి.

రెండవది కరెంటు. చిన్న యూపీఎస్ మీద 600 వీఏ అని రాసి ఉంటుంది, కానీ అలాంటి చాలా యూపీఎస్‌లు మోసేది 360 వాట్లు మాత్రమే. నాలుగు వందల యాభై వాట్ల యంత్రాన్ని దానికి తగిలిస్తే కరెంటు ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. పోయిన మరుక్షణం యూపీఎస్ కూడా చేతులెత్తేస్తుంది. బ్యాటరీ బాగానే ఉంది కదా అని దుకాణంవారితో వాదించే ముందు ఈ లెక్క చూసుకోవాలి. ఇళ్ళలోని చాలా ఇన్వర్టర్లకు ఒక చిన్న స్విచ్ ఉంటుంది, దానిని యూపీఎస్ వైపు పెడితే కరెంటు నుంచి బ్యాటరీకి మార్పిడి త్వరగా జరుగుతుంది. సాధారణ స్థితిలో పెడితే ఫ్యాన్లకు తెలియని ఆ ఆలస్యానికి కంప్యూటర్ రీస్టార్ట్ కావచ్చు.

కరెంటు పోకపోయినా ఆగే యంత్రాలు ఉన్నాయి. పల్లెల్లో బోరు మోటారు వేసిన క్షణంలో ఇంట్లో బల్బు మసకబారడం మీరందరూ చూసినదే. పెద్ద గ్రాఫిక్స్ కార్డులు కూడా అతి స్వల్పకాలం పాటు తమ మామూలు వాడకానికి దాదాపు రెట్టింపు లాగగలవు. పాతదో, నాసిరకందో అయిన ఎస్‌ఎంపీఎస్ ఆ కుదుపుకు తనను తాను ఆపేసుకుంటుంది. ఆట సెట్టింగుల్లో సెకనుకు చూపే ఫ్రేముల సంఖ్యను మానిటర్ స్థాయికి, అంటే 60కో 144కో, కట్టడి చేసి చూడండి. దానితో ఆగడం మానితే కారణం విద్యుత్తులోనో వేడిలోనో ఉండే అవకాశం ఎక్కువ, దీనికి పైసా ఖర్చు లేదు. ఎస్‌ఎంపీఎస్‌ను మాత్రం ఎవరూ ఇంట్లో విప్పకండి. ప్లగ్ తీసిన తరువాత కూడా అందులోని కెపాసిటర్లు ప్రాణాపాయకరమైన షాక్ ఇవ్వగలవు.

ర్యామ్ విషయంలో తరచు మరచిపోయేది ఒకటుంది. బయోస్‌లో ఎక్స్‌ఎంపీ అనే అమరికతో ర్యామ్‌ను పెట్టెమీద రాసిన వేగానికి నడిపిస్తారు. అది ప్రామాణిక వేగం కంటే ఎక్కువే. ప్రతి ప్రాసెసర్, ప్రతి మదర్‌బోర్డూ దానిని తట్టుకోవాలని లేదు. ర్యామ్ మార్చే ముందు ఆ అమరికను తీసివేసి నాలుగు రోజులు ఆడి చూడండి. తరువాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్ అనే ప్రోగ్రాముతో రాత్రంతా పరీక్ష పెట్టండి. ఒక్క తప్పు చూపించినా దానిని తేలికగా తీసుకోవద్దు.

మోసాన్ని పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాములు కొన్ని విండోస్ గుండెకాయ అయిన కెర్నల్ స్థాయిలో నడుస్తాయి. ఆ స్థాయిలో నడిచే భద్రతా ప్రోగ్రాములో ఒక తప్పుడు అప్‌డేట్ ఎంత పని చేయగలదో 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ ఘటన చూపింది. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారం సుమారు 85 లక్షల విండోస్ యంత్రాలు దెబ్బతిన్నాయి. అందుకే ఆడటం మానేసిన ఆటల యాంటీ చీట్‌లను యంత్రంలో వదిలివేయకుండా తొలగించండి.

ఏ పరీక్ష చేసినా ఒకసారికి ఒకటే మార్చండి. డ్రైవర్, ర్యామ్, విండోస్ మూడూ ఒకే సాయంత్రం మారిస్తే, బాగైనా ఎందుకు బాగైందో తెలియదు, నెల తరువాత మళ్ళీ మొదటికి వస్తారు. దుకాణదారులకు నా విన్నపం: యంత్రాన్ని తీసుకునేటప్పుడు ఏ ఆట, ఎన్ని నిమిషాలకు, తెరమీద ఏమి కనిపించింది, ఇన్వర్టర్ ఉందా అని అడిగి రసీదు మీదే రాసుకోండి. విద్యార్థులు ఆ జవాబులను ఇంటి దగ్గరే ఒక కాగితం మీద రాసి, బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ ఫోల్డర్‌లో నమోదయ్యే మినీడంప్ ఫైళ్ళను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకొని యంత్రంతో పాటు తీసుకువెళ్ళండి. ఫార్మాట్ చేస్తే మొదట చెరిగిపోయేవి ఆ ఫైళ్ళే కనుక, ఆ కాపీ చేతిలో పడేదాకా ఫార్మాట్‌కు ఒప్పుకోకండి.