అమ్మ లేని ఇంట్లో పని ఎవరు నేర్చుకున్నారు?

నమస్కారం. తల్లి లేని బిడ్డను తండ్రో, తాతో, ఏ బంధుత్వమూ లేని మగవాడో పెంచే కథల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. సినిమాల్లో ఇలాంటివి వచ్చినప్పుడల్లా మన కళ్లు చెమరుస్తాయి. నాకూ అంతే. కానీ ఈ కథల్లో నేను రెండే రెండు విషయాలు వెతుకుతాను. ఆ మగవాడు ఇంటిపని నిజంగా నేర్చుకున్నాడా? బిడ్డకు తల్లి గురించి చెప్పాడా?

భారతం అరణ్యపర్వంలో ఋష్యశృంగుడి కథ ఉంది. తండ్రి విభాండకుడు ఆ పిల్లవాణ్ణి అడవిలో ఒంటరిగా పెంచాడు. ఆడమనిషి అనే ప్రాణి ఒకటి ఉంటుందని కూడా అతనికి తెలియదు. అంగదేశంలో వానలు లేక, రాజు లోమపాదుడు అతణ్ణి రప్పించడానికి ఒక వేశ్యను పంపుతాడు. ఆమెను చూసి అతను ఎవరో బ్రహ్మచారి అనుకుంటాడు. తండ్రి తిరిగి వచ్చేసరికి సమిధలు సిద్ధంగా లేవు, హోమధేనువు పాలు పితకలేదు, కొడుకు పరధ్యానంలో ఉన్నాడు. ఏమైందని అడిగితే ఆ ‘బ్రహ్మచారి’ జడలు, ఆభరణాలు, ఎగరేసి ఆడిన బంతి, అన్నీ వర్ణించి, నేనూ అతని దగ్గరికి వెళతానంటాడు. తండ్రి ఇచ్చిన జవాబు ఏమిటో తెలుసా? వాళ్లు రాక్షసులు, అలాంటి అందమైన రూపాల్లో తిరుగుతుంటారు అని. కొడుకు తెలుసుకోవాలనుకున్న ప్రతిదానికీ తలుపు మూసేశాడు. ఆ తరువాత కొడుకు పడవెక్కి వెళ్లిపోయాడంటే తప్పు ఎవరిది?

2023లో వచ్చిన ‘హాయ్ నాన్న’ చూడండి. తండ్రి పాపకు రోజూ కథలు చెబుతాడు. తల్లి కథ మాత్రం చాలాకాలం చెప్పడు. పాప ఆ ఒక్క కథే అడుగుతుంది. విభాండకుడిలా అబద్ధంతో భయపెట్టకపోయినా, ఇక్కడా తండ్రి ప్రేమ తల్లిని దాచిపెట్టడం దగ్గరే చిక్కుకుంది.

ఇక నాకు అన్నింటికన్నా ఇష్టమైన కథ. జార్జ్ ఎలియట్ 1861లో రాసిన ‘సైలస్ మార్నర్’. ఇంగ్లండ్ పల్లెలో ఒంటరి నేతగాడు. దాచుకున్న బంగారం ఎవరో ఎత్తుకుపోయారు. కొత్త సంవత్సరం ముందు రాత్రి, బయట మంచులో తల్లి చనిపోతే, రెండేళ్ల పాప తెరిచి ఉన్న తలుపులోంచి నడిచి వచ్చి అతని పొయ్యి ముందు పడుకుంటుంది. వరంగల్ కొత్తవాడలో మగ్గాల మధ్య పెరిగిన వాళ్లు ఈ కథ చదవాలని నాకు ఎంతో కోరిక. నేత పని ఒంటి చేత్తో అయ్యేది కాదు. ఒకరు నేస్తుంటే ఇంకొకరు కండెలు చుట్టాలి. మరి పాపను ఎవరు చూస్తారు?

పొరుగింటి డాలీ అనే ఆమె చిన్న బట్టలు తెచ్చి, నేను స్నానం చేయిస్తానంటుంది. సైలస్ ఒప్పుకోడు. నాకు నేర్పించు, నేనే చేస్తాను, లేకపోతే ఈ పిల్ల నన్ను కాక ఇంకెవరినో ఇష్టపడుతుంది అంటాడు. నేర్చుకుంటాడు కూడా. నేస్తున్నప్పుడు పాప బయటికి పోకుండా నడుముకు పొడవాటి గుడ్డ పట్టీ కట్టి, రెండో కొస మగ్గానికి కడతాడు. ఒకరోజు పాప అతని కత్తెర అందుకుని పట్టీ కత్తిరించుకుని పారిపోతుంది. వెతగ్గా వెతగ్గా నీటి గుంట పక్కన, తన బూటుతో నీళ్లు తోడుతూ దొరుకుతుంది. గట్టిగా ఉండాలని బొగ్గులు పోసుకునే అరలో ఒక్క క్షణం పెడతాడు. కడిగి బట్టలు మార్చి వెనక్కి తిరిగేసరికి, ఆ పిల్ల అదేదో ఆట అనుకుని తనంతట తానే మళ్లీ అందులో కూర్చుని ఉంటుంది. ఆ రోజుతో శిక్షలు మానేశాడు.

తల్లి వేలికి ఉన్న ఉంగరాన్ని దాచి, పాప పెద్దదయ్యాక ఆమె చేతికే ఇస్తాడు. మీ అమ్మ కనిపించింది ఇదిగో ఈ పొద దగ్గరే అని చూపిస్తాడు. పదహారేళ్ల తరువాత కన్నతండ్రి, ఊరి పెద్దింటివాడు, వచ్చి నా కూతుర్ని ఇవ్వమంటే, ఆమె ఈ నేతగాడినే తండ్రి అంటుంది. ఆ మాట మనం నమ్ముతాం. ఎందుకంటే అతను స్నానం చేయించడం మనం చూశాం.

మన సినిమాల మీద నా కోపమంతా ఇక్కడే. తండ్రికి అన్నం మాడుతుంది, జడ వంకర పోతుంది, మనం నవ్వుతాం. తరువాతి సన్నివేశానికి పదేళ్ల కూతురు చీపురు పట్టుకుని, తాగి పడుకున్న తండ్రికి దుప్పటి కప్పుతూ కనిపిస్తుంది. ‘అచ్చం వాళ్ల అమ్మే’ అని పక్కింటావిడ మురిసిపోతుంది. అక్కడ తండ్రి పెంచాడా? ఆ పిల్ల తన చిన్నతనం ఇచ్చేసి తండ్రిని సాకింది. దీన్ని ప్రేమ కథ అని పాటలు కట్టడం నాకు భరించరానిది. కొడుకైతే ఆ చీపురు అతని చేతికి ఇవ్వరు, గమనించారా?

మన దగ్గర ఇంకో కథ ఉంది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్లు గల్ఫ్‌కు పోవడం అందరికీ తెలిసిందే. ఇంటి పనుల కోసం గల్ఫ్‌కు వెళ్లిన తల్లులూ ఉన్నారు. వాళ్ల పిల్లలు తండ్రి, తాతల చేతుల్లో పెరుగుతారు. ఆ ఇంటికి బతుకమ్మ పండుగ వస్తే ఏమవుతుంది? తంగేడు, గునుగు పూలు తేవడం మగవాళ్లకు అలవాటే. పేర్చడం వేరు. తాంబాళంలో గుమ్మడి ఆకులు పరిచి, గునుగు కాడలు ఒకే పొడవుకు కోసి, రంగు అద్ది, వరుస మీద వరుస ఒరగకుండా పెట్టాలి. పైన పసుపు గౌరమ్మ నిలవాలి. ఆ తాత ఎవరి ఇంటికి వెళ్లి నేర్చుకున్నాడు? ఎన్నిసార్లు కూలింది? పేర్చిన బతుకమ్మను ఆ పిల్ల ఫోనులో తల్లికి చూపించినప్పుడు వాళ్లు ఏం మాట్లాడుకున్నారు?

రాసేవాళ్లు, తీసేవాళ్లు ఎవరైనా వింటుంటే, ఈ కథ తీయండి. తల్లిని చంపకండి, కూతుర్ని తల్లిని చేయకండి. తాత చేత పూలు పేర్పించండి. హన్మకొండలో మొదటి రోజు మొదటి ఆటకు నేను వస్తాను, మా ఇంట్లో మగవాళ్లందరినీ వెంటబెట్టుకుని.