మన ఊరి లెక్కలో ఎవరున్నారు, ఎవరు లేరు

సర్పంచ్ గారికి, మహిళా సంఘం అక్కలకు, బడి పిల్లలకు నమస్కారం.

2011 ఫిబ్రవరిలో ఈ నిజామాబాద్ జిల్లాలోనే నేను జనాభా లెక్కలు రాశాను. ఒక ఇంటి అరుగు మీద ఒక అక్క బీడీలు చేస్తోంది. ఒడిలో చాట, అందులో కత్తిరించిన తునికాకులు, ఓ పక్కన తంబాకు. నేను అడుగుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. ఆకులో తంబాకు పోయడం, చుట్టడం, కొస మడవడం, దారం కట్టడం. "ఏం పని చేస్తారమ్మా?" అని అడిగాను. "పనేం లేదు సార్, ఇంట్లనే ఉంట" అంది. నేనూ అలాగే రాయబోయాను. పెన్ను కాగితం మీద పెట్టాక ఆ చాట కనిపించింది. అప్పటిదాకా ఎన్ని ఇళ్ళలో చూడకుండా రాసేశానో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

రూల్ మాత్రం స్పష్టంగానే ఉంది. ఇంట్లో కూర్చొని బీడీలు చేసినా పనే. జీతం లేకుండా సొంత పొలంలో చేసినా పనే. బర్రె పాలు అమ్మకుండా ఇంట్లోకే వాడుకున్నా, ఆ పాడి కూడా పనిగానే రాయాలి. ఏడాదిలో ఆరు నెలలు, అంతకు మించి చేస్తే ప్రధాన కార్మికులు, తక్కువైతే ఉపాంత కార్మికులు. అడిగేవాళ్ళకూ చెప్పేవాళ్ళకూ ఈ సంగతి తెలియకపోతే రూల్ పుస్తకంలోనే ఉండిపోతుంది.

ఆ అక్క భర్త దుబాయ్‌లో ఉన్నాడు. లెక్కలు రాసిన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు మొత్తం ఊళ్ళో లేనివాళ్ళను ఆ ఇంట్లో రాయకూడదు. కాబట్టి ఆయన పేరు రాయలేదు. ఇలాంటి ఇళ్ళు ఎన్నో కలిస్తేనే మన జిల్లా అంకె వచ్చింది: 1000 మంది మగవాళ్ళకు 1040 మంది ఆడవాళ్ళు. ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో 993 మందే. ఈ అంకె చూసి ఇక్కడ ఆడపిల్లలను బాగా చూసుకుంటున్నారని సంబరపడేవాళ్ళున్నారు. ఆరేళ్ళలోపు పిల్లలను మాత్రమే లెక్కేస్తే, రాష్ట్రంలో 1000 మంది మగపిల్లలకు ఆడపిల్లలు 939 మంది. మన 1040 వెనక గల్ఫ్‌కు పోయిన కొడుకులున్నారు, భర్తలున్నారు.

ఇంకో లెక్క ఉంది. పంచాయతీగానే ఉన్నా, ఒక ఊరిని జనగణనలో పట్టణంగా రాయాలంటే మూడు చూస్తారు. కనీసం 5000 జనాభా, చదరపు కిలోమీటరుకు 400 మంది, పనిచేసే మగవాళ్ళలో 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండడం. అలా 2011 నాటికి దేశంలో దాదాపు 3,900 ఊళ్ళు పట్టణాల లెక్కలోకి వచ్చాయి. మూడో షరతు మళ్ళీ వినండి, మగవాళ్ళనే చూస్తారు! రోడ్డు పక్కన షాపులు, ప్లాట్లు, ప్రైవేటు బడులు ఎన్ని వచ్చినా, మా అక్కలు చేసే బీడీల పని మాత్రం అక్కడ లెక్కలోకి రాదు. ఇటు దుబాయ్‌లో ఉన్నాయనా లేడు, అటు ఇంట్లో ఉన్న ఆమె కూడా లేదు. ఈ షరతు మార్చాలని నేను గట్టిగా నమ్ముతాను.

జననాలు కూడా తగ్గాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో ఒక్కో స్త్రీకి సగటున 1.8 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. పెద్దవాళ్ళు మిగిలి, పిల్లలు పలచబడుతున్న వాడలు మీకే కనిపిస్తున్నాయి.

2021లో జరగాల్సిన లెక్కలు కరోనాతో ఆగి, 2027కు వచ్చాయి. ఈసారి కులం కూడా రాస్తారు. జనగణనలో అందరి కులాలూ లెక్కించడం 1931 తర్వాత ఇదే మొదటిసారి. మీరు చెప్పింది రహస్యంగా ఉంచాలని 1948 చట్టం చెబుతోంది. ఇంట్లో ఎవరేం చేస్తారో దాచకండి, టెన్షన్ పడకండి. బర్రెలుంటే బర్రెలని చెప్పండి, బీడీలైతే బీడీలని చెప్పండి. "పనేం లేదు" అని మాత్రం అనకండి.

ఇప్పుడు అనుమానాలేమైనా ఉంటే అడగండి. మొదట వెనక వరసలో కూర్చున్న అక్కలు అడగండి.