గ్రీవస్ ఏంజెల్: ఇద్దరు పాడిన ఆల్బం

అందరికీ నమస్కారం. ఈరోజు అమెరికన్ గాయకుడు గ్రామ్ పార్సన్స్ గురించి, అందులోనూ ఆయన చివరి ఆల్బం గ్రీవస్ ఏంజెల్ గురించి మాట్లాడతాను. ఎన్నో ఏళ్ళుగా వింటున్నదే కానీ ఈ మధ్య మళ్ళీ మొదట్నుంచి చివరిదాకా కదలకుండా కూర్చుని విన్నాక ఒక మాట గట్టిగా చెప్పాలనిపించింది, ఇది ఒక్కడి ఆల్బం కాదండీ, ఇద్దరిది, పార్సన్స్‌దీ, ఆయనతో కలిసి పాడిన ఎమ్మీలూ హారిస్‌దీ.

పార్సన్స్ తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తా. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పెరిగాడు, 1968లో ద బర్డ్స్ బ్యాండ్‌లో చేరి వాళ్ళని స్వీట్‌హార్ట్ ఆఫ్ ద రోడియో అనే కంట్రీ ఆల్బం వైపు లాక్కెళ్ళాడు, కంట్రీ అంటే అమెరికా పల్లెల బాణీ సంగీతం, తర్వాత ఫ్లయింగ్ బురీటో బ్రదర్స్ అనే బ్యాండ్. రాక్ వినే కుర్రాళ్ళు చాలామంది కంట్రీ అంటే మొహం తిప్పుకునే రోజులవి. ఎమ్మీలూ హారిస్ ఏమో వాషింగ్టన్ క్లబ్బుల్లో ఫోక్ పాటలు పాడుకుంటుండేది, ఆవిణ్ణి పిలిపించి తన మొదటి సోలో ఆల్బంలో పాడించాడు.

1973 వేసవిలో హాలీవుడ్‌లో ఈ రెండోది రికార్డ్ చేశారు. ఎల్విస్‌తో వాయించే జేమ్స్ బర్టన్ గిటార్, గ్లెన్ హార్డిన్ పియానో, ఇంకేం కావాలి!

లవ్ హర్ట్స్ తీసుకోండి. ఎవర్లీ బ్రదర్స్ 1960లోనే పాడారు, నజరెత్ అనే రాక్ బ్యాండ్ వాళ్ళ గొంతు చించుకునే వెర్షన్ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. మన సినిమా డ్యూయెట్లలో ఎక్కువగా ఒక లైన్ ఆయన, ఒక లైన్ ఆవిడ కదా, ఇక్కడ అలా కాదు, దాదాపు పాటంతా ఇద్దరూ ఒకేసారి ఒకే మాట పాడతారు, ఆయన కింద, ఆవిడ పైన. ఆయన గొంతు సన్నగా వణుకుతుంది, ఒక్కోచోట శ్రుతి జారబోతుంది, సరిగ్గా అక్కడే ఆవిడ స్వరం నిలబెడుతుంది, ఆయన మాట ఎక్కడ సాగదీస్తే ఆవిడ కూడా అక్కడే సాగదీస్తుంది. దీన్ని బ్యాకింగ్ వోకల్ అనడం నాకైతే అన్యాయంగా అనిపిస్తుంది.

చివరి పాట ఇన్ మై అవర్ ఆఫ్ డార్క్‌నెస్ రాసింది కూడా ఇద్దరి పేర్ల మీదే ఉంది. ఆ జులైలో తాగి కారు నడిపినవాడి చేతిలో చనిపోయిన గిటారిస్ట్ క్లారెన్స్ వైట్ కోసం అందులో ఒక చరణం ఉంది. సెప్టెంబర్ 19న కాలిఫోర్నియాలోని జాషువా ట్రీ దగ్గర మోటెల్‌లో పార్సన్స్ కూడా పోయాడు, 26 ఏళ్ళకే. అందుకే ఇప్పుడు ఆ పాట వింటుంటే చాలా బరువుగా ఉంటుంది.

1974 జనవరిలో ఆల్బం వచ్చేసరికి కవర్ మీద ఎమ్మీలూ లేదు. ఆవిడ ఫొటో కూడా ఉండాల్సింది, పార్సన్స్ భార్య తీయించేసింది. ఆ ఇంటి బాధ ఆ ఇంటిది, దాని మీద తీర్పు చెప్పను, కానీ చాలా ఏళ్ళు జనం దీన్ని ఒక్కడి రికార్డుగానే విన్నారు. అప్పట్లో అమ్మకాలూ అంతంతమాత్రమే.

ఎమ్మీలూ మాత్రం ఆగలేదు, 1975లో తన ఆల్బంలో బౌల్డర్ టు బర్మింగ్‌హామ్ పాడింది, ఆయన పోయిన దుఃఖంలోంచి వచ్చిన పాట అది, బర్టన్, హార్డిన్ ఆవిడ బ్యాండ్‌లోకే వెళ్ళారు.

సరే, ఇప్పుడు లవ్ హర్ట్స్ ప్లే చేస్తున్నాను, మొదటి చరణంలో ఆయన్ని వదిలేసి ఆవిడ గొంతు ఒక్కదాన్నే పట్టుకుని వినండి.