ఆ ఫైర్ డోర్‌కి వాటర్ క్యాన్ ఎవరండీ అడ్డం పెట్టింది?

[తెర మీద: మెట్ల దగ్గర బార్లా తెరిచిన తలుపు, కింద 20 లీటర్ల వాటర్ క్యాన్]

కొండాపూర్ వెళ్లండి, మణికొండ వెళ్లండి, అపార్ట్‌మెంట్ మెట్ల దగ్గర ఇదే సీను. తలుపు మీద '120 నిమిషాలు' అని ప్లేటు, అంటే మంటని అంతసేపు ఆపుతుందని. కింద క్యాన్. అడిగితే "గాలి ఆడాలి కదండీ" అంటారు. తెరిచి ఉన్నంతసేపూ ఆ 120 కాస్తా సున్నా.

ఫైర్ డోర్ అంటే మందపాటి తలుపు అనుకుంటారు చూడండి, నాకు మండేది అక్కడే. కుక్కర్ మూత ఎంత మందంగా ఉన్నా గాస్కెట్ లేకపోతే విజిల్ వస్తుందా? ఆవిరంతా పక్కనుంచి పోతుంది. ఇక్కడ ఆవిరి బదులు పొగ. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్‌లో 6 మంది పోయింది పొగకి ఊపిరాడకే. రెక్క, ఫ్రేమ్, హింజెస్, లాక్, తలుపుని దానంతట మూసే క్లోజర్, సందు మూసే సీల్ అన్నీ బిగించి ఫర్నెస్‌లో పెట్టి పరీక్షిస్తేనే ఆ 120 వస్తుంది. మన ప్రమాణం ఐఎస్ 3614.

ఇప్పుడు చెకింగ్. తలుపు పూర్తిగా తెరిచి వదలండి. మూసుకుందా? సంబరపడకండి. ఈసారి బెత్తెడే తెరిచి వదలండి. చాలా తలుపులు ఇక్కడే దొరికిపోతాయి: ఫ్రేమ్ దాకా వచ్చి ఆగుతాయి, లాచ్ 'టక్'మని పడదు. లాచ్ పడని తలుపుని మంట వేడికి పెరిగే ఒత్తిడే తోసేస్తుంది.

[దగ్గరగా: క్లోజర్ పక్కన ఉన్న రెండు చిన్న స్క్రూలు]

ఒకటి మూసుకునే వేగానికి, రెండోది చివర్లో లాచ్ పడే ఊపుకి. రెండోదాన్ని పావు చుట్టు తిప్పి మళ్లీ చూడండి. మొత్తం విప్పితే ఆయిల్ కారిపోతుంది. ఇప్పటికే కారుతుంటే క్లోజర్ మార్చడమే, రిపేరు లేదు.

పైనా, రెండు పక్కలా సందు 3 మిల్లీమీటర్లు. రూపాయి బిళ్లలు రెండు కలిపితే దాదాపు అంతే. అంచున ఉన్న పట్టీ దాదాపు 200 డిగ్రీల వేడికి ఉబ్బి ఆ సందుని పూడ్చేస్తుంది. అదే మన గాస్కెట్! సందు వేలు దూరేంత ఉంటే ఎంత ఉబ్బినా చాలదు. కుక్కర్‌కి వేరే కంపెనీ గాస్కెట్ పట్టదు కదా, ఇదీ అంతే, తలుపు టెస్ట్ సర్టిఫికెట్‌లో ఉన్నదే వేయాలి. పొగ ఆపే బ్రష్ సీల్ మీద పెయింటర్ రంగు పూసేస్తే అది గట్టిపడి పనికిరాదు.

ఫ్రేమ్‌కీ గోడకీ మధ్య మామూలు పసుపు ఫోమ్ కొట్టారా? అది కాలిపోతుంది. రాక్‌వూల్, అంటే మంటకి కాలని రాతి దూది, కుక్కి ఫైర్ సీలెంట్ వేయించండి. ఇంటర్నెట్ కేబుల్ కోసం కొట్టిన బెజ్జానికీ అదే మందు.

టైం లేదు, గబగబా చెప్తా. హింజెస్‌లో ఒక్క స్క్రూ కూడా ఊడి ఉండకూడదు. కింద నల్లటి పొడి రాలుతుంటే అరిగిపోయినట్టే. పగిలిన ఫైర్ గ్లాస్ స్థానంలో మామూలు అద్దం వద్దు. లోపలి నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలి, అంటే తాళంకప్ప వేయడం నేరుగా ప్రాణాల మీదికే.

"బిల్డర్ ఫైర్ డిపార్ట్‌మెంట్ అనుమతి, అదే ఎన్‌ఓసీ, తెచ్చాడుగా" అంటారా? ఎన్‌ఓసీ తెచ్చింది ఆయనే, కానీ వాడుతున్నది మీరు. అప్పగించాక నిర్వహణ ఓనర్లది, అసోసియేషన్‌ది. తీసుకునేటప్పుడే ప్రతి తలుపు టెస్ట్ సర్టిఫికెట్, హార్డ్‌వేర్ జాబితా అడగండి. పనితనంలో లోపముంటే రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టం ప్రకారం 5 ఏళ్ల లోపు బిల్డరే, 30 రోజుల్లో, ఉచితంగా సరిచేయాలి. తర్వాత 6 నెలలకోసారి రిజిస్టర్‌లో తలుపు నంబరు వేసి రాయండి. సర్వీస్ లిఫ్ట్ పక్క తలుపైతే 3 నెలలకోసారి.

ఇక ఆ గాలి సంగతి. నిజంగా తెరిచే ఉంచాలంటే ఫైర్ అలారంకి కలిపిన మాగ్నెట్ పెట్టించండి. అలారం మోగగానే కరెంటు పోయి వదిలేస్తుంది, తలుపు తనంతట తనే మూసుకుంటుంది. వాటర్ క్యాన్ వదలదండీ.